ఇంట్లోవారికి వివరం... మైదానంలోవారికి ఎదురుచూపు!

ఆటలోకీ పాటలోకీ వచ్చిన యంత్రాలతో చివరి వరుస ప్రేక్షకుడికి ఒరిగిందేమిటి?

విశాఖపట్నం: బంతి ప్యాడ్‌కు తగిలింది. బౌలరు గొంతు చించుకుని అరిచాడు. అంపైరు చలించలేదు. ఫీల్డింగ్ జట్టు కెప్టెన్ ఒక చేతిమీద రెండో చేతిని నిలిపి 'టీ' ఆకారం చూపించాడు. అంతటితో ఆట మైదానం దాటిపోయింది. ఎక్కడో గదిలో కూర్చున్న మూడో అంపైరు ఎదుటి తెరల మీదకు చేరింది.

ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవారికి ఆ గదిలోని మాటలు వినిపిస్తాయి. ముందు నోబాల్ ఏమో చూస్తారు. తరువాత బ్యాటు అంచుకు తగిలిందేమో చూస్తారు. ఆపైన బంతి ఎక్కడ పడిందీ, ప్యాడ్‌కు ఎక్కడ తగిలిందీ, అడ్డు లేకపోతే వికెట్ల మీదకు వెళ్ళేదా కాదా అన్నది గీతలు గీసి చూపిస్తారు. వ్యాఖ్యాత అరటిపండు ఒలిచినట్టు చెబుతాడు. డబ్బు పెట్టి టికెట్టు కొని, ఎండలో కూర్చున్నవాడికి మాత్రం చాలా మైదానాల్లో దూరాన పెద్ద తెరమీద బొమ్మ కనిపిస్తుంది గాని మాట వినిపించదు. ఎందుకు ఔటో, ఎందుకు కాదో పక్కవాడిని అడగాలి. ఆ పక్కవాడు ఇంట్లో వున్న బావమరిదికి ఫోన్ చేసి కనుక్కోవాలి!

యంత్రం రావడంతో పొరపాటు తీర్పులు తగ్గాయన్నది కాదనలేని నిజం. ఆ మేలును వద్దనేవారెవరూ లేరు. కాని క్రికెట్ మైదానంలో అయినా, పాట కచేరీలో అయినా కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. దానివల్ల ఎదుట కూర్చున్నవారికి, అందులోనూ చివరి వరుసలో వున్నవారికి జరిగే మేలేమిటి? మైకు వచ్చినప్పుడు దీనికి జవాబు వున్నది. కెమెరా వచ్చినప్పుడు ఆ ప్రశ్న అడిగినవారే లేరు.

మూడు మ్యాచ్‌లు, మూడు కాలాలు

విశాఖ క్రికెట్ చరిత్రలోనే ఈ మార్పు అంతా కనిపిస్తుంది. 1988 డిసెంబరు 10న నగరంలోని మునిసిపల్ స్టేడియంలో భారత్, న్యూజిలాండ్ జట్లు వన్డే మ్యాచ్ ఆడాయి. కృష్ణమాచారి శ్రీకాంత్ 70 పరుగులు చేసి, బంతితో 5 వికెట్లు కూడా పడగొట్టిన మ్యాచ్ అది. మూడో అంపైరు అన్న మాటే అప్పటికి లేదు. అంపైరు వేలెత్తితే ఔటు, ఎత్తకపోతే కాదు. తప్పయినా ఒప్పయినా తీర్పు అందరికీ ఒకే క్షణాన తెలిసేది. గ్యాలరీలో చివరన కూర్చున్నవాడూ, ముందు కుర్చీలో కూర్చున్న పెద్దమనిషీ ఒక్కసారే లేచేవారు. తప్పు తీర్పు మీద తగవు తరువాత టీ బడ్డీ దగ్గర వారం రోజులు నడిచేది.

నాలుగేళ్ళు తిరగకుండానే కథ మారింది. 1992 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్ టెస్టులో జాంటీ రోడ్స్ విసిరిన బంతికి సచిన్ టెండూల్కర్ రనౌటు అయ్యాడా లేదా అన్నది టెలివిజన్ రీప్లే చూసి తేల్చారు. మూడో అంపైరు తీర్పుతో ఔటయిన తొలి ఆటగాడు ఆయనే. 2005 ఏప్రిల్ 5న మధురవాడ దగ్గరి కొత్త స్టేడియంలో పాకిస్తాన్ మీద మహేంద్రసింగ్ ధోనీ 148 పరుగులు చేసి దేశమంతటా పేరు మోగించుకునే నాటికి రనౌటు, స్టంపింగుల విషయంలో తెర తీర్పు అందరికీ అలవాటైపోయింది.

ఇక మూడో ఘట్టం 2016 నవంబరు. అంపైరు తీర్పును ఆటగాళ్ళే సవాలు చేయగల రివ్యూ పద్ధతిని 2008లో శ్రీలంకలో భారత జట్టు ఆడిన సిరీస్‌లోనే తొలిసారి పరీక్షించారు. ఆ అనుభవం భారత్‌కు రుచించలేదు. బంతి బాటను యంత్రం ఊహించి చెప్పడం మీద నమ్మకం కుదరక చాలాకాలం దూరంగానే వున్నది. చివరకు 2016లో ఇంగ్లండ్‌తో సిరీస్‌కు ఒప్పుకున్నది. రాజ్‌కోట్‌లో మొదటి టెస్టు, నవంబరు 17 నుంచి విశాఖలో రెండో టెస్టు జరిగాయి. విశాఖ చూసిన మొట్టమొదటి టెస్టు మ్యాచ్ కూడా అదే. విరాట్ కోహ్లీ 167, 81 పరుగులు చేయగా భారత్ 246 పరుగుల తేడాతో గెలిచింది. నాలుగో రోజు సాయంత్రం ఇంగ్లండ్ కెప్టెన్ అలిస్టర్ కుక్ వికెట్టు పడింది కూడా రివ్యూ వల్లనే. నగరం తన తొలి టెస్టును కళ్ళతో కొంత, తెరమీద కొంత చూసింది.

ఇంటికోసం పుట్టి మైదానానికి వచ్చాయి

ఈ పరికరాల పుట్టుక చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. బంతి బాట చూపే హాక్‌ఐ 2001లో ఇంగ్లండ్‌లో తొలిసారి వచ్చినప్పుడు తీర్పులకోసం రాలేదు. టెలివిజన్ ప్రేక్షకులకు ఆట మరింత రక్తి కట్టించడానికి వచ్చింది. అంచు తగిలిన చప్పుడును గీతగా చూపే స్నికోమీటరుదీ అదే దారి. రాపిడి వేడిని తెల్లని మచ్చగా చూపే హాట్‌స్పాట్‌నూ 2006లో ఆస్ట్రేలియా టెలివిజన్ వారే ప్రవేశపెట్టారు. మొదట ఇవన్నీ ఇంట్లోవారి వినోదం. అంపైరు తప్పును ఇంట్లోవాడు చూడగలిగినప్పుడు అంపైరు చూడలేకపోవడం ఏమిటన్న ప్రశ్న పుట్టింది. అలా ఒక్కొక్కటీ తీర్పు చెప్పే స్థానానికి ఎక్కాయి. ఇంటికోసం చేసిన సరుకు మైదానానికి చేరింది గాని, మైదానంలో కూర్చున్నవారికి అనుకూలంగా దాన్ని మార్చినవారు లేరు.

యంత్రాలన్నీ ఒక్క కోవకు చెందినవి కావన్నదీ గమనించాలి. బెయిల్ కదిలిన క్షణాన ఎర్రగా వెలిగే స్టంపులు వచ్చాయి. 2014 టీ20 ప్రపంచకప్‌లో వాటిని వాడారు. దీపం వెలిగితే గ్యాలరీ పైమెట్టు మీద వున్నవాడికి కూడా కనిపిస్తుంది. అడిగి తెలుసుకోనక్కరలేదు. రివ్యూ సంగతి అలా కాదు.

'అంపైర్స్ కాల్' అనే నియమాన్నే తీసుకుంటే సరిపోతుంది. ప్యాడ్‌కు తగిలిన తరువాత బంతి ఎటు పోయేదన్నది యంత్రం వేసే లెక్కే గాని కళ్ళతో చూసింది కాదు. అందుచేత కొంత తేడాకు అవకాశం వుంచారు. బంతిలో సగానికన్నా తక్కువ భాగమే వికెట్లకు తగులుతుందని తేలితే మైదానంలోని అంపైరు మొదట ఇచ్చిన తీర్పే నిలుస్తుంది. అంటే ఒకే రకం బంతి, ఒకే రకం బొమ్మ. అంపైరు ముందుగా వేలెత్తి వుంటే ఔటు, ఎత్తకపోతే కాదు. నియమంలో న్యాయం వున్నది. కాని వివరించేవారు లేకుండా తెరమీద ఆ బొమ్మ మాత్రమే చూసినవాడికి బంతి వికెట్టుకు తగులుతున్నట్టే కనిపిస్తుంది, తీర్పు మాత్రం నాటౌట్ అని వస్తుంది. గ్యాలరీలో గోల మొదలవుతుంది. ఏ తప్పూ చేయని అంపైరు తిట్లు తింటాడు.

చప్పట్లకూ అనుమతి కావాలా?

మరో మార్పు సంతోషానికి సంబంధించింది. వికెట్టు పడగానే ఎగిరి గంతేయడం వెనుకటి మాట. 2020 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లలో బౌలరు కాలు గీత దాటిందా అన్నది కూడా మూడో అంపైరు చూస్తున్నాడు. ఔటయిన ఆటగాడు బౌండరీ తాడు దగ్గర ఆగి వెనక్కి చూస్తాడు. ప్రేక్షకుడు ఎత్తిన చేతులు సగంలో ఆపుకుంటాడు. 2023 నుంచి ఐపీఎల్‌లో వైడ్లూ నోబాల్సూ కూడా సవాలు చేయవచ్చునన్నారు. ఫుట్‌బాల్‌లోనూ ఇదే వరస. 2018 రష్యా ప్రపంచకప్ నుంచి గోలు పడిన తరువాత వీడియో రిఫరీ అవునన్నదాకా ఎనభై వేలమంది ఊపిరి బిగబట్టి వుండవలసిందే. మైదానంలో కూర్చోవడంలోని సుఖం ఆ ఒక్క క్షణంలోనే వున్నదని పాత అభిమానులు అంటారు. న్యాయం కోసం ఆ క్షణాన్ని కొంత వదులుకోవడానికి వారు సిద్ధమే. బదులుగా అక్కడ ఏం జరుగుతున్నదో చెప్పమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ప్రేక్షకుడికి వినిపించిన చోట్లు

ఇది సాధ్యం కానిదీ కాదు. అమెరికా ఫుట్‌బాల్ లీగులో 1975 నుంచే రిఫరీ నడుముకు మైకు తగిలించుకుని తన తీర్పును, దాని కారణాన్ని స్టేడియమంతటికీ చెబుతున్నాడు. 2023లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో వీడియో చూసి వచ్చిన రిఫరీలు మైకులో తీర్పు ప్రకటించారు. అందుకు కొత్త యంత్రాలు ఏమంత అక్కరలేకపోయింది. లౌడ్‌స్పీకర్లు ఎలాగూ వున్నాయి.

టెన్నిస్ అనుభవం రెండు విధాలా పాఠమే. 2006లో సవాలు పద్ధతి వచ్చినప్పుడు బంతి గీత మీద పడిందా, బయట పడిందా అన్నది పెద్ద తెరమీద మెల్లగా చూపించేవారు. జనం లయగా చప్పట్లు కొడుతూ ఎదురుచూసేవారు. యంత్రం వచ్చి ప్రేక్షకుడికి ఒక కొత్త వేడుకను ఇచ్చిన సందర్భమది. 1877లో మొదలైన వింబుల్డన్‌లో 2025లో గీత దగ్గర నిలబడే జడ్జీలను పూర్తిగా తీసివేసి, ఔటు పిలుపును యంత్రానికే అప్పగించారు. అదే టోర్నీలో సెంటర్ కోర్టులో జరిగిన ఒక మ్యాచ్‌లో కోర్టు ఒక వైపు యంత్రాన్ని పొరపాటున ఆపివేయడంతో బయట పడిన బంతిని ఎవరూ పిలవలేదు. నిర్వాహకులు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. కంటితో చూసి చెప్పడానికి గీత దగ్గర మనిషి లేకుండా పోయాడు.

పాటలోనూ అదే ప్రశ్న

ఆట సంగతి అలా వుంచి కచేరీల వైపు చూస్తే, యంత్రం సాయానికి వచ్చిన కథా, అడ్డు తగిలిన కథా రెండూ మన ప్రాంతంలోనే వున్నాయి. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రాభవమంతా మైకు రాకముందటిది. కాలికి గజ్జె, చేతిలో చిరతలు, గొంతులో బలం, ఇవే ఆయన సరంజామా. అంతటి గొంతు అందరికీ వుండదు. మైకు వచ్చాక మెత్తని గొంతున్న గాయకుడి సంగతులు కూడా పందిరి చివరన కూర్చున్న ముసలమ్మకు వినిపించాయి. అందుకే మైకును జనం చేతులారా ఆహ్వానించారు.

దాని ఇబ్బందులు దానికీ వున్నాయి. పద్యనాటకాల్లో మైకు స్టేజి మధ్య వేలాడేది. సింహాసనం మీద వుండవలసిన రాజూ, మూలన దాక్కోవలసిన దూతా పద్యం అందుకోగానే మైకు కిందకు నడిచి వచ్చేవారు. సన్నివేశం చెడినా పద్యం వినిపించింది కదా అని జనం సర్దుకుపోయారు.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969-2014) కథ మరీ గొప్పది. మామూలు మాండొలిన్ మీద మీటిన స్వరం త్వరగా ఆరిపోతుంది. గమకం పలకాలంటే స్వరం నిలవాలి. విద్యుత్ మాండొలిన్‌తో ఆయన ఆ పని సాధించి, కర్ణాటక సంగీతంలో అంతకుముందు చోటులేని వాద్యానికి పెద్దపీట వేయించాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో పసివాడుగా తొలి కచేరీ చేశాడు. అక్కడ యంత్రం కళాకారుడి వేళ్ళకు లొంగి, ఎదుట కూర్చున్నవారి కోసం పలికింది.

ఇప్పటి సభల్లో దృశ్యం వేరు. పాట మొదలు కాగానే ముందు వరుసలో వంద ఫోన్లు పైకి లేస్తాయి. వెనకవారికి గాయకుడు కనిపించడు, వంద చిన్న తెరల్లో వంద చిన్న గాయకులు కనిపిస్తారు. ఎత్తినవాడు కూడా పాటను ఫోన్లోనే చూస్తాడు, ఎప్పుడో తీరికగా వినవచ్చునని. 2014లో బ్రిటిష్ గాయని కేట్ బుష్ లండన్ కచేరీలకు ముందు ఫోన్లూ కెమెరాలూ వాడవద్దని ప్రేక్షకులను కోరింది. 2018లో అమెరికా గాయకుడు జాక్ వైట్ ఫోన్లను తాళం పడే సంచుల్లో పెట్టించి, సంచిని వారి చేతికే ఇచ్చి లోపలికి పంపాడు. మాట్లాడవలసివస్తే బయటకు వెళ్ళి తాళం తీయించుకోవచ్చు. మన సభల్లో అంతదాకా పోనక్కరలేదు. మొదటి పాట వరకు ఫోటోలు తీసుకోండి, ఆ తరువాత ఫోన్లు దించండి అని నిర్వాహకులు మైకులో ఒక్కమాట చెబితే చాలామంది వింటారు.

చేయదగిన పనులు

మధురవాడ స్టేడియంలో మ్యాచ్ జరిగినప్పుడల్లా శ్రీకాకుళం, విజయనగరం, తూర్పు గోదావరి జిల్లాల నుంచి కూడా అభిమానులు తరలివస్తారు. బస్సు చార్జీ, టికెట్టు, తిండి ఖర్చులు కలుపుకుంటే ఒక కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. వారికోసం నిర్వాహకులు చేయగలిగినవి కొన్ని వున్నాయి. మూడో అంపైరు మాటలు టీవీకి వెళుతున్నప్పుడు అవే మాటలను స్టేడియం లౌడ్‌స్పీకర్లకూ కలపవచ్చు. తీర్పు వెలువడ్డాక కారణాన్ని తెలుగులో ఒక్క వాక్యంగా ప్రకటించవచ్చు. 'అంపైర్స్ కాల్' వంటి నియమాలను విరామ సమయంలో పెద్ద తెరమీద, ప్రకటనల మధ్యన ఒక నిమిషం చూపించవచ్చు. అన్ని గ్యాలరీలకూ తెర సరిగా కనిపిస్తున్నదో లేదో మ్యాచ్‌కు ముందే చివరి మెట్టు మీద కూర్చుని చూసుకోవచ్చు.

రివ్యూ నియమాలు అంతర్జాతీయ క్రికెట్ మండలి చేతిలో వున్నా, లౌడ్‌స్పీకరు మాత్రం ఇక్కడివారి చేతిలోనే వుంటుంది. రాబోయే మ్యాచ్‌కైనా క్రికెట్ సంఘం వారు ఈ విషయమై మండలితోనూ, ప్రసార సంస్థతోనూ మాట్లాడి తగిన ఏర్పాటు చేస్తే జిల్లాల అభిమానులు సంతోషిస్తారు.