మసక వెలుగులో మీ కెమెరా తడబడుతోందా?

"అరుంధతీ నక్షత్రం కనబడిందా అమ్మా?" అని పంతులుగారు అడగడం, మా పిన్ని కూతురు "ఆఁ" అనేసి నవ్వడం, పక్కనున్న అమ్మమ్మ దాని చెయ్యి పట్టుకుని "నాకూ ఆనాడు కనబడలేదే తల్లీ!" అనడం... అంతా క్షణంలో అయిపోయింది. పోయినేడు మాఘమాసం, తెల్లవారుజాము, వీధిలో చీకటి. కెమెరా నా చేతిలోనే ఉంది. బటన్ నొక్కితే లెన్స్ ముందుకీ వెనక్కీ తచ్చాడిందే తప్ప ఎక్కడా నిలవలేదు. ఆరు ఫొటోల్లో ఐదు మసక. ఆరోది స్పష్టంగానే వచ్చింది... కానీ స్పష్టంగా ఉన్నది వెనక పందిరి మీది సీరియల్ బల్బులు! శ్రావణంలో అమ్మమ్మ పోయింది. ఆ ఫొటో కోసం ఇల్లంతా అడిగారు.

తప్పు నాదా, కెమెరాదా? తేల్చుకుందామని కూర్చున్నాను.

మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని కెమెరా. బొమ్మ తీసే సెన్సరే ఫోకస్ సంగతీ చూసుకోవాలి. దానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, సూదిలో దారం ఎక్కించేటప్పుడు సూదిని దగ్గరకీ దూరానికీ జరిపి చూస్తామే, అలాంటిది. లెన్స్‌ను కదిపి కదిపి అంచులు ఎక్కడ బాగా తేలితే అక్కడ ఆగుతుంది. చీకట్లో అంచులే తేలవు కనుక తచ్చాడుతుంది. రెండోది, లెన్స్‌కి రెండు వైపుల నుంచీ వచ్చిన వెలుగును పోల్చి, ఎటు, ఎంత జరగాలో లెక్కకట్టే పద్ధతి. ఇది చురుకైనది. పానాసోనిక్ లూమిక్స్ కెమెరాల్లోకి ఇది 2023లో, ఎస్5 రెండో తరంతో వచ్చింది. ఏ పద్ధతికైనా కాస్త వెలుగు కావాల్సిందే.

అంకెలు చూసి మోసపోవద్దు

ఎంత చీకట్లో ఫోకస్ చేయగలదో కంపెనీలు 'ఈవీ' అనే లెక్కలో చెబుతాయి. ఒక అంకె తగ్గిందంటే వెలుగు సగమైందని అర్థం. కెనాన్ ఈఓఎస్ ఆర్6 (2020) మైనస్ 6.5 అంటుంది. సోనీ ఆల్ఫా 7 నాలుగో తరం (2021) మైనస్ 4 అంటుంది. చూడగానే కెనాన్ ఎంతో మేలనిపిస్తుంది కదూ? కానీ కింద చిన్న అక్షరాలు చదవండి. కెనాన్ లెక్క ఎఫ్ 1.2 లెన్స్‌తో, సోనీ లెక్క ఎఫ్ 2 లెన్స్‌తో! ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ కన్ను అంత పెద్దది. ఎఫ్ 1.2 లెన్స్ దాదాపు రెండు ముప్పాతిక రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి రానిస్తుంది. అంటే ఒకటిన్నర అంకె తేడా అక్కడే పోయింది. ఇక మిగిలేది సుమారు ఒక్క అంకె. ఒకరు శేరుతో, ఇంకొకరు సోలతో కొలిస్తే బియ్యం లెక్క కుదురుతుందా?

అందుకే ఇంట్లోనే పరీక్ష పెట్టాను. నా కెమెరా కంపెనీదే కొత్త మోడల్‌ను స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్నాను. లైట్లు ఆర్పి, దేవుడి గూట్లో దీపం ఒక్కటే ఉంచి, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టాను. ప్రతిసారీ ముందు దూరంగా ఫోకస్ చేసి, తర్వాత దాని కంటి మీదికి తెచ్చి, పదేసి ఫొటోలు తీసి, పెద్దవి చేసి చూశాను. కొత్త కెమెరాకి దానితోపాటు వచ్చిన జూమ్ లెన్స్ పెట్టి, బాగా దగ్గరికి లాగి తీస్తే పదికి మూడు బాగున్నాయి. నా పాత కెమెరాకి ఎఫ్ 1.8 లెన్స్ పెడితే ఏడు! అదే లెన్స్ కొత్తదానికి తగిలిస్తే తొమ్మిది. కొత్తది మెరుగే, కాదనను. కానీ జూమ్ లెన్స్ చివరి కొసన ఎఫ్ 5.6. దానికంటే ఎఫ్ 1.8 లెన్స్ పదిరెట్ల దాకా వెలుగు ఇస్తుంది. ముందు లెన్స్ కొన్నాను. కెమెరా సంగతి తర్వాత!

ఇవి గుర్తుంచుకోండి

* కొనేముందు రెండు కెమెరాలకీ ఒకే ఎఫ్ అంకె ఉన్న లెన్సులు పెట్టించి, షాపులో వెలుగు తక్కువున్న మూల చూడండి.
* చీకట్లో నున్నటి చెంప మీద కాక బొట్టు, కనుబొమ్మ, జరీ అంచు లాంటి తేడా ఉన్న చోట ఫోకస్ చేయండి.
* చాలా కెమెరాలు నిలువు గీతల్ని బాగా పట్టుకుంటాయి, అడ్డగీతల దగ్గర తడబడతాయి. కెమెరాను కాస్త వంచి ఫోకస్ చేసి, మళ్లీ సరిచేసుకోండి.
* పక్కవారిని సెల్‌ఫోన్ లైటు వేయమనండి. ఫోకస్ కుదిరాక ఆర్పేయొచ్చు.

ఆ మసక ఫొటోనే మా చెల్లి ఫ్రేము కట్టించి పెట్టుకుంది. "చెయ్యి అమ్మమ్మదేనని తెలుస్తోందిలే అక్కా" అంటుంది. ఆ 'లే' దగ్గరే నాకు గుచ్చుకుంటుంది.