లేనిదానికి సున్నా, అప్పుకు మైనస్

పైథాన్ భాషతోపాటే వచ్చే లైబ్రరీలో కౌంటర్ అనే సాధనం ఉంది. ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టడమే దాని పని. ‘తెలుగు’ అనే మాట అందిస్తే త, ల, గ, ఎత్వం ఒక్కోసారి, కొమ్ము రెండుసార్లు అని చెబుతుంది (మనకు మూడక్షరాలైనది యూనికోడ్‌లో ఆరు సంకేతాలు మరి). అందులో ‘క’ ఎన్ని అని అడిగితే, పైథాన్‌లో పేరుకు విలువను జతచేసి ఉంచే మామూలు డిక్షనరీ అలాంటిదే లేదని ఎర్రర్ చూపి ఆగిపోతుంది. కౌంటర్ మాత్రం 0 అంటుంది. పేరు తప్పుగా టైపు చేసినా సున్నాయే వస్తే ఆ తప్పు బయటపడేదెలా అని కొందరి అభ్యంతరం. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయినా రానిది సున్నాసార్లు వచ్చినట్టే కాబట్టి లెక్కగా ఆ జవాబు నిజం. పైగా అడిగినంత మాత్రాన ఆ పేరును కౌంటర్ తన పట్టీలో చేర్చుకోదు. అదే లైబ్రరీలోని డిఫాల్ట్‌డిక్ట్ అయితే అడిగిన ప్రతి పేరునూ రాసేసుకుంటుంది.

అసలు చిక్కు తీసివేతలో ఉంది. కొట్లో సబ్బులు 3 ఉన్నాయి, 5 కావాలని ఆర్డరు వచ్చింది. సబ్‌ట్రాక్ట్ అనే పద్ధతిలో తీసేస్తే సబ్బుల ఎదుట -2 నిలుస్తుంది, అంటే ఇంకా రెండు తెప్పించాలి. అదే రెండు కౌంటర్ల మధ్య మైనస్ గుర్తు పెట్టి తీసేస్తే సబ్బుల పేరే పట్టీలో కనిపించదు. ఒకే తీసివేతకు రెండు జవాబులేమిటని విసుక్కోవడం సహజమే. కానీ మైనస్ గుర్తు గణితంలోని మల్టీసెట్ (ఒకే వస్తువు ఎన్నిసార్లైనా ఉండగల సంచి లాంటిది) నియమాన్ని పాటిస్తుంది. సంచిలో మైనస్ రెండు సబ్బులు ఉండవు గనుక సున్నాలనూ రుణసంఖ్యలనూ వదిలేస్తుంది. సబ్‌ట్రాక్ట్‌ది ఖాతా పద్ధతి, అప్పును కూడా రాసి ఉంచుతుంది. రెండూ అవసరమే. ఏది ఏమిటో పేర్లను బట్టి తెలియకపోవడమే లోపం.

సున్నా విషయంలో పైథాన్ రూపకర్తలకూ నిర్ణయం మార్చుకోక తప్పలేదు. సబ్బులు 3 మాత్రమే ఉన్న కౌంటరూ, సబ్బులు 3, దువ్వెనలు 0 అని ఉన్న కౌంటరూ 3.10 వెర్షన్‌కు ముందు సమానం కావు, ఆ తర్వాత సమానం. అయినా పొడవు అడిగితే మొదటిదానికి 1, రెండోదానికి 2 అనే ఇప్పటికీ వస్తుంది. లెక్క సున్నా అయినంత మాత్రాన పేరు చెరిగిపోదు, విడిగా తొలగించాలి. సరుకు నిల్వలో గానీ బాకీల్లో గానీ కొరత ఎంతో తెలియాల్సిన చోట మైనస్ గుర్తు వాడకండి, సబ్‌ట్రాక్ట్ వాడండి.