అన్న చేయి కుక్క తలమీద: ఒక పాత బొమ్మతో తెలుగు పాఠం

కోవిల్‌పట్టి అనగానే చాలామందికి వేరుశెనగ మిఠాయి గుర్తొస్తుంది. పెద్దవాళ్లకు చిత్రకారుడు సి. కొండయ్య రాజు (1898-1976) కూడా గుర్తొస్తారు. ఆయనా, ఆయన శిష్యులూ గీసిన దేవుళ్ల బొమ్మలు శివకాశిలో అచ్చయి, క్యాలెండర్లుగా ఎన్నో ఇళ్ల గోడలెక్కాయి. ఆ బొమ్మ చూపించి "ఈయనెవరు? చేతిలో ఏముంది?" అని అడుగుతూ పిల్లలకు కథ చెప్పడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. తెలుగు తరగతిలో అలాగే మాట్లాడించడానికి పనికొచ్చే బొమ్మ మరొకటి ఉంది. దాంట్లో దేవుళ్లు లేరు. ఐదుగురు పిల్లలూ, వాళ్ల కుక్కలూ ఉన్నారు.

1637లో ఆంథనీ వాన్ డైక్ ఇంగ్లాండు రాజు మొదటి చార్లెస్ పిల్లలను గీశాడు. మధ్యలో ఏడేళ్ల చార్లెస్, పెద్ద కుక్క తలమీద చేయి వేసి నిలబడ్డాడు. ఒక పక్క మేరీ, జేమ్స్. మరో పక్క ఎలిజబెత్, ఆ ఏడే పుట్టిన పసిబిడ్డ యాన్. వాళ్ల దగ్గర ఒక చిన్న కుక్క. చార్లెస్, మేరీ, జేమ్స్, ఎలిజబెత్, యాన్ అనే వరుసలోనే వీళ్లు పుట్టారు.

ఇప్పుడు పిల్లలను అడగండి: జేమ్స్‌కు మేరీ ఏమవుతుంది? అక్క. చార్లెస్‌కు? చెల్లెలు. జేమ్స్ మేరీకి తమ్ముడు, ఎలిజబెత్‌కు అన్న. ఇంగ్లీషులో బ్రదర్, సిస్టర్ అంటే సరిపోతుంది. తెలుగులో మాత్రం పెద్దా చిన్నా తెలియకుండా వరుస చెప్పలేం. తమిళంలోనూ అంతే. అందుకే తమిళం బాగా వచ్చిన పిల్లలకూ ఈ ఆట కష్టమనిపించదు.

తర్వాత కుక్క దగ్గరికి రండి. మన విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం పేరుతో ఒక జాతి కుక్కే ఉంది. తెల్లటి ఒళ్లు, గులాబీరంగు ముక్కు. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. "మీ ఇంటి కుక్కను ఏమని పిలుస్తారు? అన్నం పెట్టేది ఎవరు? ఎవరి మాట వింటుంది?" అని అడిగితే, నోరు తెరవని పిల్లవాడు కూడా నాలుగు వాక్యాలు చెబుతాడు.

ఆ ఐదుగురూ ఎక్కువకాలం కలిసి ఉండలేదు. యాన్ 1640లో, మూడేళ్లకే చనిపోయింది. 1649లో తండ్రికి మరణశిక్ష పడింది. మరుసటి ఏడు ఎలిజబెత్ పద్నాలుగేళ్లకే బందీగా కన్నుమూసింది. చార్లెస్ 1660లో, జేమ్స్ 1685లో రాజులయ్యారు. ఐదుగురూ ఒకచోట ఉన్న ఆ రోజులు ఇప్పుడు ఆ బొమ్మలోనే ఉన్నాయి.

ఇంటి భాష సంగతీ అంతే. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవాల్సిందే, అది మనం బతికే చోటి భాష. కానీ దాంతోపాటు తెలుగు కూడా నిలవాలంటే బడి గంట ఒక్కటే చాలదు. ఇంట్లో అక్కను, తమ్ముణ్ణి తెలుగులో పిలిచే పిల్లవాడు ఆ మాటను తెలుగులో రాయలేకపోతే, రేపు వాడి పిల్లలకు ఆ పిలుపు కూడా మిగలదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి, కుక్క ఉంటే దాన్నీ పక్కన ఉంచి, పెద్దపిల్ల చేత బొమ్మ గీయించండి. బాగా రాకపోయినా పరవాలేదు. ఒక్కొక్కరి కింద పేరూ, వరుసా తెలుగులో రాయించండి. కుక్క పేరు మాత్రం అందరికంటే చిన్నవాడు రాయాలి. సోమవారం ఆ కాగితాన్ని బడికి పంపండి. ఉపాధ్యాయులు దాన్ని తరగతి గోడకు అంటిస్తే, ఆ వారానికి తెలుగు వాచకం అదే.