మెత్తని పగడము ముడుచుకొన్నచో

ఇంటి ఉప్పునీటి తొట్టిలో పెరుగు తోలుపగడము రాతి ఎముక లేని మెత్తని ప్రాణి. పుట్టగొడుగువలె విచ్చి యుండును. ఒకనాడు అది చిరుచేతులన్నియు లోనికి లాగుకొని, పైన మైనమువంటి పొర కప్పుకొని, మొగము మాడ్చుకొన్నట్లు నిలుచును. చచ్చినదని పారవేయకుడు. పాము కుబుసము విడిచినట్లు అది పాతపొరను విడుచుచున్నది. దానితోపాటు పైన పట్టిన పాచియు పోవును. నీటి ప్రవాహము చక్కగా తగులనిచ్చి, వారము పదిదినములు ఓపిక పట్టవలెను. మొదలు నల్లబడి, మెత్తబడి, దుర్వాసన వచ్చినచో మాత్రము అది కుళ్లు. ఆలసింపక చెడినంతమేర కోసివేయవలెను.

పొరయు లేదు, కుళ్లును లేదు, అయినను విచ్చుకొనుట లేదందురా? నీటిని పరీక్షింపుడు. లీటరునకు ఇంచుమించు 35 గ్రాముల ఉప్పు, 25 డిగ్రీల వేడిమి ఉండవలెను. తొట్టిలో నీరు ఆవిరియై తగ్గినప్పుడు ఉప్పునీరు పోయరాదు; ఆవిరితో ఉప్పు పోదు గదా! (ఈ చిన్న లెక్క నాకును మొదట తట్టలేదు.) శుద్ధిచేసిన మంచినీరే పోయవలెను. ఉప్పు పాలు తప్పినచో ఒక్కపూటలో సరిదిద్దకుడు. ఆ హఠాత్తు మార్పే దాని ప్రాణము తీయవచ్చును.

పక్కపక్కన నాటిన మెత్తని పగడములు ఒకదానిపై నొకటి విషము విడుచును. యాక్టివేటెడ్ కార్బన్ అను బొగ్గుగుండా నీటిని వడపోసినచో అది తగ్గును. చేపల జబ్బునకు వాడు రాగిమందు మాత్రము ఆ తొట్టిలో చుక్కయైనను పడరాదు.