క్లారెండన్ అక్షరములు

నిఘంటువును విప్పినప్పుడు మన చూపు మొదట నల్లని శీర్షపదముపైఁ బడి, పిదప నర్థము మీఁదికిఁ బోవును. ఈ సౌకర్యము ముద్రణముతోడనే పుట్టినది కాదు. ఆంగ్లముద్రణమున దీనికిఁ దోవ చూపిన వానిలో ముఖ్యమైనది 1845వ సంవత్సరమున లండనునగరమున వెలువడిన 'క్లారెండన్' అక్షరజాతి.

19వ శతాబ్దారంభమున గోడప్రకటనలు పెరుగఁగా అక్షరశాలలవారు మిక్కిలి స్థూలములైన యక్షరములను బోయసాగిరి. కొనలయందు దళసరి దిమ్మలవంటి పాదములు గల 'ఈజిప్షియన్' అక్షరములు అట్టివే. ఇవి దూరమునుండి కనఁబడుటకుఁ జాలియుండెను గాని, గ్రంథపంక్తిలోఁ జేర్చినచోఁ బ్రక్క పదములను మ్రింగివేయును.

ఫాన్ వీథి అక్షరశాల భాగస్వామి రాబర్టు బెస్లీ వెలువరించిన క్లారెండన్ ఈ చిక్కును దీర్చెను. దాని లక్షణములు మూఁడు. వెడల్పు తగ్గుటచేఁ బంక్తిలో స్వల్పస్థలమే యాక్రమించును. కొనపాదము, అనఁగా సెరిఫు, నిలువుగీతతో మూలగా నతుకఁబడక వంపుగాఁ గలియును. లావు గీతకును సన్న గీతకును గల భేదము కొంత నిలిచియుండును. కావుననే యది సామాన్యాక్షరముల నడుమ బంధువువలె నిమిడిపోవును. పెద్దదిగాఁ బోసినచోఁ బ్రకటనలకును దగును.

బెస్లీ దీని రూపమును శాసనానుసారముగా నమోదు చేయించెను. రక్షణకాలము మూఁడేండ్లు మాత్రమే. అది తీఱఁగనే తక్కిన యక్షరశాలలు అనుకరణములను వెలువరించెను. తుద కింగ్లండున 'క్లారెండన్' అన్న సంజ్ఞ లావక్షరములకెల్ల జాతినామమయ్యెను. 1953లో స్విట్జర్లాండునందలి హాస్ అక్షరశాల హెర్మన్ ఐడెన్‌బెంజుచే దీనికిఁ గ్రొత్తరూపము గల్పింపించెను.

వైయాకరణుల కిందొక పరిచితన్యాయము గోచరించును. పాణినీయమున సామాన్యముగా నొక పదమం దొక్క యచ్చే యుదాత్తము, తక్కినవి యనుదాత్తములు. అన్నియు నుదాత్తములైనచో నుదాత్తమన్న మాటకే యర్థము లేదు. అట్లే పుటయంతయు స్థూలాక్షరములైనచో నేదియుఁ బ్రధానము గాదు. స్థౌల్యమునకు బలము ప్రక్కనున్న సన్నని యక్షరములే.

మన లిపికి దీనిని అన్వయించునపుడు మఱియొక జాగ్రత్త వలయును. ఆంగ్లాక్షరములు నిలువుగీతలపై నాధారపడినవి. మనవి వలయాకారములు, పైఁ దలకట్టు, క్రింద వత్తు. వీనిని నొక్కి లావు చేసినచో లోపలి తెల్లని యవకాశములు మూసికొనిపోవును. ప-ఫలకు, ద-ధలకు భేదము క్రింది చిన్నగీతయే. అది సిరాలోఁ గలిసినచో ఫలము పలమగును, ధర దరయగును. అప్పుడు చెడునది యందము గాదు, అర్థము. కావునఁ దెలుఁగు శీర్షికాక్షరములను గల్పించువారు గీత నెంత లావు చేయవలెనని కాక, లోపలి తెలుపు నెంత మిగుల్పవలెనని మొదట నాలోచింతురు గాక.