చేప తల ముందుకు

సాయంత్రం ఎదకొచ్చిన గేదెకు మర్నాడు పొద్దున సూది వెయ్యాలి. పొద్దున ఎదకొస్తే ఆ సాయంత్రం. ఆ పూట దాటిందా, మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజుల మేతా దాణా రైతు నెత్తిన పడతాయి. పశువులకు ఈ కృత్రిమ గర్భధారణ సూదులు వేసే గోపాలమిత్రగా అద్దంకి చుట్టుపక్కల ఊళ్లు ఇరవయ్యేళ్లకు పైగా తిరిగాను. నేను నేర్చుకున్న మొదటి లెక్క అది. రెండో లెక్క బండి గొలుసుది. దాన్ని నేర్చుకోవడానికి ఒక రైతుకు నష్టం జరగాల్సి వచ్చింది, ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

అప్పటికి సెల్‌ఫోను నా జేబులోకి ఇంకా రాలేదు. ముందు రోజు సాయంత్రం గేదె ఎదకొచ్చిందని కబురు అందింది. పొద్దున్నే బయల్దేరాను. రాత్రి వాన కురిసి రేగడి దారి బంకలా అంటుకుంటోంది. వెనక సీటుకు లిక్విడ్ నైట్రోజన్ క్యాను కట్టి ఉంది, లోపల మైనస్ 196 డిగ్రీల చలిలో వీర్యం నింపిన సన్నటి గొట్టాలు. ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా చైన్ కవర్‌లో ఠప్పుమని మోగింది. ఇంజన్ తిరుగుతోంది, బండి కదలదు. వంగి చూస్తే గొలుసు కొస కవర్ కిందికి వేలాడుతోంది. క్యాన్ని దారిలో వదిలి నడవలేను, బురదలో బండిని ముందుకు తొయ్యలేను. వెనక్కి తోసుకుంటూ రోడ్డెక్కి, గొలుసుకు కొత్త లాక్ వేయించుకుని ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎద తగ్గిపోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. "ఏం చేస్తాంలే అబ్బాయ్, మంచినీళ్లు తాగు" అన్నాడు. తిట్టి ఉంటే నయమనిపించింది.

ఆ గొలుసు కొత్తది, వేయించి రెండు నెలలు కూడా కాలేదు. కొత్త గొలుసు ఎందుకు ఊడిందో తెలియక, మా ఊళ్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే పెద్దమేస్త్రి దగ్గరికి బండి తీసుకెళ్లాను. ఆయన కవర్ విప్పించి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ లాక్ పైకి వచ్చేదాకా చూశాడు. దారిలో వేయించిన ఆ లాక్‌నూ తిరగేసే పెట్టారు. పోయినదాన్నీ అలాగే పెట్టి ఉంటారన్నాడు.

లాక్ అంటే గొలుసు రెండు కొసల్నీ కలిపే లింకు. దాని మీద సన్నటి స్టీలు క్లిప్పు ఒకటి ఉంటుంది. ఒక వైపు గుండ్రంగా మూసుకుని, రెండో వైపు చీలి, అచ్చం చిన్న చేపలా కనిపిస్తుంది. "ఇది చేపే అనుకో అబ్బాయ్. ఏ చేపైనా తల ముందు పెట్టి ఈదుద్ది గానీ తోక ముందు పెట్టి ఈదదు గదా" అన్నాడు మేస్త్రి. బండి ముందుకు పోతున్నప్పుడు పైవరస గొలుసు వెనక చక్రం నుంచి ఇంజన్ వైపుకు పరుగెడుతుంది. కాబట్టి లాక్ పైవరసలో ఉన్నప్పుడు మూసుకున్న తల ముందుకు, ఇంజన్ వైపుకు చూడాలి. అలా ఉంటే దారిలో రాయో, బురద గడ్డో, కవర్ అంచో తగిలినా ఆ దెబ్బ క్లిప్పును ఇంకాస్త లోపలికే నెడుతుంది. తోక ముందుంటే అదే దెబ్బ దాన్ని బయటికి నెడుతుంది. క్లిప్పు పోతే దాని కింది పలక జారుతుంది, పలక జారితే గొలుసు ఊడుతుంది. విప్పిన క్లిప్పు వదులవుతుంది గనుక మళ్లీ పెట్టకూడదని కూడా ఆయనే చెప్పాడు. పెద్ద బండ్లలో చాలావాటికి ఈ లాక్ ఉండదు, పిన్ను కొసను నొక్కి రివెట్ చేస్తారు. మన ఊరి బండ్లలో ఎక్కువ వాటికి చేపే.

నాకు ఆ రోజు బయటికి ఊడి వేలాడింది గనుక సరిపోయింది. వేగంలో ఊడిన గొలుసు ముందున్న చిన్న పళ్లచక్రానికీ ఇంజన్ గోడకూ మధ్య ముద్దగా ఇరుక్కుంటే గోడ పగులుతుంది, ఒక్కోసారి వెనక చక్రం బిగుసుకుపోతుంది. తడి రోడ్డు మీద వెనక చక్రం బిగుసుకున్న బండిని నిలబెట్టడం ఎంతటివాడికీ కష్టమే.

మన బండ్లలో ఈ గొలుసు కవర్ లోపల ఉంటుంది. దుమ్ము తగలకుండా కాపాడే మంచి ఏర్పాటే గానీ, దాచిపెట్టినదాన్ని మనం మరిచిపోతాం. పెట్రోలు ముల్లు చూస్తాం, టైరు తడతాం, హారన్ నొక్కి చూస్తాం. గొలుసు సంగతి అది అరిచేదాకా గుర్తుండదు. ఒకసారి గేదెను చూడ్డానికి వెళితే ఆ ఇంటి అవ్వ "నీ బండి ఏడస్తా ఉంది నాయనా, దానికి కాస్త చమురు పొయ్యరాదా" అంది. వీధి మలుపులోనే వినిపించిందట. నా చెవి దానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది.

ఆ ఏడుపు ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే గొలుసు లోపలికి చూడాలి. బయటికి కనిపించే పలకల మధ్య ఒక పిన్ను, దాని చుట్టూ బుష్షు, బుష్షు మీద తిరిగే రోలరు ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడ్డ హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు 1880లో ఈ రకం గొలుసుకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి పెట్రోలు మోటారు సైకిలు ఇంకా రానేలేదు. ఇన్నేళ్లయినా అమరిక అదే. మన 100, 125 సీసీ బండ్లలో ఎక్కువ వాటికి వచ్చే గొలుసు నంబరు 428. మొదటి 4 అంటే ఒక పిన్నుకూ తర్వాతి పిన్నుకూ మధ్య దూరం అంగుళంలో ఎనిమిదింట నాలుగు వంతులు, అంటే 12.7 మిల్లీమీటర్లు.

గొలుసు సాగిందంటాం గానీ ఉక్కు రబ్బరులా సాగదు. పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి. ఒక్కో చోట అరుగు మిల్లీమీటరులో పదో వంతే అనుకోండి, వంద లింకులకూ కలిపితే ఒక సెంటీమీటరు. మనం సాగడం అనుకునేది ఇదే. నూనె చేరాల్సింది ఆ పిన్నుకూ బుష్షుకూ మధ్యకు. పైన పూసిన గ్రీజు చిక్కగా ఉండి లోపలికి దిగదు, పైపెచ్చు దారిలోని దుమ్మునంతా పట్టుకుని ఆకురాయిలా రాస్తుంది. ఇంజన్ నుంచి తీసిన నల్లటి వేస్ట్ ఆయిల్ పోసే అలవాటు మన షాపుల్లో ఇంకా ఉంది. అందులో మసి, లోహపు పొడి ఉంటాయి. ఊరికే వస్తుందని దాన్ని పోయించుకోవడం నాకు అసలు ఇష్టం లేదు. 90 నంబరు గేర్ ఆయిల్ ఒక సీసా కొంటే నాకు చాలా నెలలు వస్తుంది.

అరుగుదలను టేపుతోనే కొలవొచ్చు. కవర్ విప్పి, గొలుసును బిగువుగా పట్టి, 20 లింకుల పొడవు పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు చూడండి. కొత్త 428 గొలుసులో అది 254 మిల్లీమీటర్లు. 259 దగ్గరికి వచ్చిందంటే రెండు శాతం సాగినట్టే, ఇక మార్చెయ్యాలి. టేపు లేకపోతే వెనక పళ్లచక్రానికి బాగా వెనక చివర గొలుసును వేళ్లతో బయటికి లాగి చూడండి. పన్ను సగానికి పైగా బయటపడితే దాని పని అయిపోయింది. పళ్లు కొక్కేల్లా ఒక వైపుకు వాలినా అంతే. గొలుసొక్కటే మార్చి పాత పళ్లచక్రాలు ఉంచితే కొత్త గొలుసును అవి త్వరగా తినేస్తాయి. మూడూ కలిపి సెట్టుగానే వేయించాలి.

ఈ పనులన్నీ బండి ఆపి చెయ్యాల్సినవి. ఈ మాట గట్టిగా చెప్పడానికి నాకు కారణం ఉంది.

మా బావమరిది కరెంటు పని చేస్తాడు. అతని బండికి గొలుసు కవర్ సగమే, కింది భాగం బయటికి కనిపిస్తుంది. ఆయుధ పూజ రోజు పొద్దున బండిని డబుల్ స్టాండు వేసి కడిగి, గొలుసు తళతళలాడాలని ఇంజన్ స్టార్ట్ చేసి గేరులో పెట్టి, పాత బనీను గుడ్డను తిరుగుతున్న గొలుసుకు ఆనించాడు. అది అతనొక్కడి తెలివితక్కువ కాదు, ఊళ్లో సగం మంది చేసే పనే. గుడ్డ దారం ఒకటి పంటికి చిక్కింది. గుడ్డను లాక్కుంది, గుడ్డతో పాటు చెయ్యి. చూపుడు వేలు, నడిమి వేలు మొదటి కణుపు దాకా పోయాయి. పూజకు పెట్టిన పసుపు కుంకుమ పళ్లెం అరుగు మీద అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ వైరు కొస ఒలిచేటప్పుడు అతను ఎడమ చెయ్యి ముందుకు తెస్తాడు, నేను చూపు తిప్పుకుంటాను.

తర్వాత ఒక రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. వెనక చక్రం ఒక్క చుట్టు తిరిగితే గొలుసు అర మీటరుకు పైగా కదులుతుంది. ఇంజన్ ఐడిల్‌లోనే ఉన్నా, టాప్ గేరులో చక్రం సెకనుకు సుమారు రెండు చుట్లు తిరుగుతుంది. అంటే గొలుసు సెకనుకు మీటరు. ప్రమాదం కంటికి తెలిసి చెయ్యి వెనక్కి రావడానికి పావు సెకను. ఆ పావు సెకనులో గొలుసు జానెడు పోతుంది. గుడ్డ పట్టిన చెయ్యి పళ్లకు జానెడు దూరంలోనే ఉంటుంది. ఎంత చురుకైన మనిషైనా ఆ లెక్కలో గెలవలేడు.

అందుకే గొలుసు ముట్టుకునే ముందు నేను ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుంటాను. న్యూట్రల్, డబుల్ స్టాండు. చక్రాన్ని టైరు పట్టుకుని చేత్తోనే తిప్పుతాను. తిప్పే చెయ్యి తిప్పుతుంటే రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది, చక్రం ఆగాకే బ్రష్షు ఆనిస్తాను. చేత్తో తిప్పిన చక్రానికీ వేలు నలిపే బలం ఉంటుంది. తుడవడం, నూనె వెయ్యడం కింది వరస మధ్యలోనే, రెండు పళ్లచక్రాలకూ దూరంగా. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు వాళ్లను లోపలికి పంపుతాను.

నూనెకు మంచి వేళ సాయంత్రం, తిరిగి వచ్చాక. గొలుసు వెచ్చగా ఉంటుంది గనుక నూనె లోపలికి దిగుతుంది. కింది వరసకు లోపలి వైపు నుంచి చుక్కలుగా వేస్తే, తిరిగేటప్పుడు అదే బయటికి పాకుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున పైనున్న జిడ్డు తుడిచెయ్యాలి, లేకపోతే టైరు మీదికి చిందుతుంది. 500 కిలోమీటర్లకు ఒకసారి ఇలా చేస్తాను, వానల్లో బురద దాటిన రోజైతే ఆ రోజే. ఓ-రింగు గొలుసు ఉన్నవాళ్లు పెట్రోలుతో కడగొద్దు. పిన్నుల దగ్గర సన్నటి రబ్బరు రింగులు లోపలి గ్రీజును కాపాడుతుంటాయి, పెట్రోలుకూ ఇనుప బ్రష్షుకూ అవి పాడైపోతాయి.

బిగువు సంగతికొస్తే, షాపుకెళ్లి "టైట్ చెయ్యన్నా" అనడమే మనకు తెలుసు. నేనూ అలాగే అడిగేవాణ్ని. వెనక క్యాను, ఒక్కోసారి దారి చూపించడానికి ఎక్కిన రైతు. బరువు పడి చక్రం పైకి కదిలినప్పుడు గొలుసు ఇంకా బిగుస్తుంది. అప్పటికే వీణ తీగలా ఉంటే ఆ లాగుడంతా ఇంజన్‌లోని బేరింగు మీద పడుతుంది. నా బండికి ఆ బేరింగూ ఆయిల్ సీలూ అలాగే పోయాయి, గొలుసు ధరకు ఎన్నో రెట్లు ఖర్చయింది. కవర్ కింది రబ్బరు మూత తీసి, కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి చూడాలి. మామూలు బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల కదలిక ఉండాలంటారు, మీ బండి పుస్తకంలో ఉన్న అంకె ఏదైతే అదే ఖాయం. గొలుసు అంతటా ఒకేలా అరగదు గనుక చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, బాగా బిగుతుగా ఉన్న చోటును బట్టి సరిచెయ్యాలి. బిగించడానికి చక్రాన్ని వెనక్కి జరిపినప్పుడు ఇరుసు దగ్గర రెండు పక్కల గీతలూ సమానంగా లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. డ్రమ్ బ్రేకు బండిలో చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్ కూడా బిగుస్తుంది. దాన్ని వదులు చెయ్యడం మరిచి నేను ఒకసారి పది కిలోమీటర్లు వెళ్లాను, హబ్బు ముట్టుకుంటే చెయ్యి కాలింది.

మా అమ్మాయి కాలేజీకి నా వెనకే వస్తుంది. మన బండ్లలో ఎక్కువ వాటికి గొలుసు ఎడమ పక్కే, చీర కట్టుకున్నవాళ్లు కాళ్లు వేసుకుని కూర్చునేదీ ఎడమ పక్కే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది ఇందుకే ఉంది. వెనక కూర్చున్నవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆసరా, బట్టలు చిక్కకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండి తీరాలంటుంది. కుర్రాళ్లు అందానికి ఆ గార్డును విప్పి అటక మీద పడేస్తుంటే నాకు కోపమొస్తుంది. బండి కదిలేముందు నేను వెనక్కి తిరిగి చూస్తాను. చున్నీ రెండు కొసలూ ముందుకు తెచ్చి నడుము దగ్గర ముడి వేసుకునేదాకా క్లచ్ వదలను. "చూశాన్లే నాన్నా" అంటుంది, అయినా చూస్తాను.

నా బండి పక్క పెట్టెలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, అందులో నూనె గుడ్డలో చుట్టిన కొత్త లాక్ ఒకటి. నాకు మళ్లీ దాని అవసరం రాలేదు. దారిలో ఆగిపోయిన వాళ్లకు మూడుసార్లు ఇచ్చాను. ఆఖరిసారి ఒక పాలబ్బాయికి, క్యాన్లు రెండు పక్కలా వేలాడుతూ ఉన్నాయి. లాక్ నేనే పెట్టి, చక్రం తిప్పి పైవరసలోకి తెచ్చి, తల ఎటుందో చూపించాను. వాడు వంగి వేలితో తడిమి చూసి "చేప" అన్నాడు.