డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్, కంపెనీ సర్వర్లు, ఆఫ్‌లైన్ వినియోగం: పరిశోధన సామగ్రి భద్రత దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్ పూర్తిగా వాడుకరి అధీనంలో ఉంటుందన్న అభిప్రాయం చాలాకాలంగా ఉంది. నేటి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో కొంతభాగం తమ కంపెనీ సర్వర్ల అనుమతి లేకుండా ఎక్కువకాలం పనిచేయదు. ఈ ఆధారపడటం ఒకే రూపంలో ఉండదు. అనుమతి, సమాచారం, గణన, ఫార్మాట్ అనే నాలుగు స్థాయిల్లో అది కనిపిస్తుంది. ఈ నాలుగింటిని వివరించి, సర్వర్లు ఆగిపోయిన కొన్ని సందర్భాలను, ఉపప్రమాణాల నిర్వహణకు వాడే రెండు ప్రోగ్రాముల భేదాన్ని, తెలుగు ప్రచురణరంగంలోని పేజ్‌మేకర్ ఫైళ్ల స్థితిని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్, సర్వర్, ఆఫ్‌లైన్, యాక్టివేషన్, చందా, ఫార్మాట్, యూనికోడ్, పరిశోధన సామగ్రి.

1. ఉపోద్ఘాతం:

ఒకప్పుడు పరిశోధకుని సామగ్రి అంటే నోటుపుస్తకాలు, కార్డులు, జిరాక్సు ప్రతులు. నేడు క్షేత్రపర్యటనలో చేసిన ధ్వనిముద్రణలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు, పాఠాంతరాల పట్టికలు, ఉపప్రమాణాల జాబితా, సిద్ధాంతగ్రంథంలోని అధ్యాయాలు అన్నీ కంప్యూటరు ఫైళ్లుగానే ఉంటున్నాయి. నాలుగైదేళ్ల శ్రమ ఏ ప్రోగ్రామ్‌లో నిక్షిప్తమైందో, ఆ ప్రోగ్రామ్ తెరుచుకోవడంపైనే ఆ శ్రమ ఆధారపడి ఉంటుంది.

కంప్యూటరు తెరపై పక్కపక్కనే ఉన్న రెండు గుర్తులు చూడటానికి ఒకే తీరుగా ఉంటాయి. వాటిలో ఒకటి ఆ యంత్రం ఉంటే చాలు నడిచే ప్రోగ్రామ్ కావచ్చు. రెండవది ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు ఈవలి కొస మాత్రమే కావచ్చు. ఇంటర్నెట్ ఉన్నంతకాలం ఈ భేదం బయటపడదు. అది లేని ఊళ్లో గాని, కంపెనీ తన విధానాన్ని మార్చుకున్ననాడు గాని తెలుస్తుంది. అప్పటికి ప్రత్యామ్నాయం చూసుకునే వ్యవధి ఉండకపోవచ్చు.

2. ఒకసారి అనుమతి నుంచి చందా వరకు:

ఫ్లాపీలు, సీడీల ద్వారా సాఫ్ట్‌వేర్ అమ్మిన కాలంలో పెట్టెపై ముద్రించిన సీరియల్ నంబరే అనుమతి. ఖరీదైన ప్రోగ్రాములకు డాంగిల్ అనే చిన్న పరికరాన్ని కంప్యూటరుకు తగిలించవలసి వచ్చేది. తాళం ఎంత కఠినమైనదైనా తాళంచెవి మాత్రం కొన్నవారి బల్లపైనే ఉండేది.

2001లో విండోస్ ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ యాక్టివేషన్ పద్ధతిని విస్తృతంగా ప్రవేశపెట్టింది. ఇంటర్నెట్ లేనివారు టెలిఫోను ద్వారా కూడా యాక్టివేట్ చేసుకునే వీలుండేది. ఆ తనిఖీ సాధారణంగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఒకసారి జరిగేది. 2013 మేలో అడోబ్ తన డిజైన్ ప్రోగ్రాములను ఇకపై క్రియేటివ్ క్లౌడ్ అనే చందా పద్ధతిలోనే అందిస్తామని ప్రకటించింది. దీనితో తనిఖీ ఒకసారితో ముగియక పదేపదే జరిగే ప్రక్రియగా మారింది.

మైక్రోసాఫ్ట్ 365 వ్యక్తిగత చందాదారులు కనీసం 31 రోజులకొకసారి ఇంటర్నెట్‌కు అనుసంధానం కావాలన్నది ఆ కంపెనీ నియమం. గడువు దాటితే పాత పత్రాలను తెరిచి చూడవచ్చు, ముద్రించుకోవచ్చు. కొత్తవి రాయడానికి, ఉన్నవి సవరించడానికి వీలుండదు. అడోబ్ వార్షిక చందాదారులకు 99 రోజుల వరకు ఆఫ్‌లైన్ గడువు ఇచ్చింది. అంటే ఇక్కడ ‘ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది’ అన్న మాటకు ‘గడువు తీరేవరకు పనిచేస్తుంది’ అని అర్థం. రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే చిక్కులు ఏర్పడతాయి.

3. ఆధారపడటంలో నాలుగు స్థాయిలు:

3.1 అనుమతి: ప్రోగ్రామ్, ఫైళ్లు రెండూ సొంత యంత్రంలోనే ఉంటాయి. కాని నడవడానికి సర్వర్ అంగీకారం కావాలి. పైన చెప్పిన చందా పద్ధతులు ఈ కోవకు చెందినవి.

3.2 సమాచారం: ప్రోగ్రామ్ యంత్రంలో ఉన్నా, రాసిన సమాచారానికి మూలప్రతి సర్వర్‌లో ఉంటుంది. యంత్రంలో ఉండేది తాత్కాలికమైన నకలు. ఇంటర్నెట్ లేనప్పుడు ఇటీవల తెరిచినవి కనిపించి, తక్కినవి కనిపించకపోవడానికి కారణం ఇదే.

3.3 గణన: అసలు పని జరిగేదే సర్వర్‌లో. మైక్రోసాఫ్ట్ 365 వర్డ్‌లోని డిక్టేషన్ సదుపాయానికి ఇంటర్నెట్ తప్పనిసరి. స్కాన్ చేసిన తెలుగు పుటలను పాఠ్యంగా మార్చే ఓసీఆర్ ప్రక్రియ ఈ స్థాయికి మంచి ఉదాహరణ. గూగుల్ ఓసీఆర్‌లో పుట సర్వర్‌కు వెళ్లి పాఠ్యంగా తిరిగివస్తుంది. 2005లో ఓపెన్‌సోర్స్‌గా విడుదలైన టెసరాక్ట్‌ను, దాని తెలుగు శిక్షణ ఫైలును ఒకసారి దించుకుంటే అదే పని సొంత యంత్రంలో జరుగుతుంది. పాత అచ్చు పుటల విషయంలో ఫలితాన్ని మూలంతో సరిచూసుకోవలసిన పని రెండింటిలోనూ తప్పదు. కాని ఒక సంస్థ అచ్చు కాని రాతప్రతులను బయటకు పంపవద్దని షరతు పెట్టినప్పుడు, పని ఎక్కడ జరుగుతుందన్నది ప్రధానమైన ప్రశ్న అవుతుంది.

3.4 ఫార్మాట్: ఫైలు చేతిలోనే ఉన్నా దానిని చదవగలిగేది ఒక్క ప్రోగ్రామే అయితే, ఆ ప్రోగ్రామ్‌కున్న పరాధీనత అంతా ఫైలుకూ సంక్రమిస్తుంది. మొదటి మూడూ ప్రోగ్రామ్‌కు సంబంధించినవి. ఇది పత్రానికి సంబంధించినది కనుక దీర్ఘకాలంలో ఎక్కువ నష్టం కలిగించేది ఇదే.

4. సర్వర్ స్పందించని సందర్భాలు:

సర్వర్ అందుబాటులో లేకపోవడానికి కారణాలు ప్రధానంగా మూడు.

మొదటిది సాంకేతిక లోపం. 2014 మేలో అడోబ్ లాగిన్ వ్యవస్థ ఒక రోజుకు పైగా నిలిచిపోయింది. చందా చెల్లించినవారిలో పలువురు తమ ఖాతాల్లోకి ప్రవేశించలేకపోయారు.

రెండవది కంపెనీ నిర్ణయం. అడోబ్ సిఎస్2 ప్రోగ్రాముల యాక్టివేషన్ సర్వర్లను 2012 డిసెంబరులో నిలిపివేసింది. శాశ్వత లైసెన్సు కొన్నవారు కూడా ఆ తరువాత కొత్త యంత్రంలో పాత సీడీతో వాటిని యాక్టివేట్ చేసుకోలేని స్థితి వచ్చింది. యాక్టివేషన్ అవసరం లేని ప్రతులను కంపెనీయే ఆ కొనుగోలుదారులకు అందుబాటులో ఉంచింది. ఇక్కడ సమస్య పరిష్కారమైంది; అయితే ఆ పరిష్కారం లైసెన్సులోని హక్కుగా కాక కంపెనీ సౌజన్యంగా లభించింది.

మూడవది ప్రభుత్వాల మధ్య వ్యవహారం. 2019 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జారీచేసిన ఉత్తర్వు కారణంగా వెనిజులాలోని ఖాతాలన్నింటినీ రద్దు చేస్తున్నట్లు అడోబ్ అక్టోబరులో ప్రకటించింది. అమెరికా ప్రభుత్వం నుంచి అనుమతి పొంది అదే నెలాఖరులో ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. చందాదారుల తప్పు గాని, కంపెనీ దురుద్దేశం గాని ఇందులో లేవు. అయినా ఒక దేశంలోని చిత్రకారులు, ప్రచురణకర్తల పనిముట్లు కొద్దివారాలపాటు అనిశ్చితిలో పడ్డాయి.

ఈ మూడు సందర్భాల్లోనూ యంత్రాలు, ఫైళ్లు యథాతథంగా ఉన్నాయి. లోపించింది దూరం నుంచి రావలసిన అంగీకారం మాత్రమే.

5. మెండలే, జొటెరో – ఒక పోలిక:

ఉపప్రమాణాల నిర్వహణకు పరిశోధకులు విరివిగా వాడే మెండలేను 2013లో ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ కొనుగోలు చేసింది. వాడుకరి యంత్రంలో ఉండే మెండలే డేటాబేస్‌ను 2018లో వచ్చిన 1.19 వెర్షన్ నుంచి సంకేతీకరించారు. అంటే తాళంచెవి లేకుండా ఇతర ప్రోగ్రాములు చదవలేని రూపంలోకి మార్చారు. పలువురు పంచుకునే కంప్యూటర్లలో భద్రత కోసమని సంస్థ వివరించింది. ఫలితంగా తమ యంత్రంలోనే ఉన్న సమాచారాన్ని వాడుకరులు ఇతర ప్రోగ్రాములతో నేరుగా చదివించుకోలేకపోయారు. 2022 సెప్టెంబరు 1 తరువాత మెండలే డెస్క్‌టాప్‌ను దించుకునే సదుపాయాన్ని తొలగించారు. దాని స్థానంలో వచ్చిన మెండలే రిఫరెన్స్ మేనేజర్ సర్వర్‌లోని ఖాతాను కేంద్రంగా చేసుకొన్నది.

జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్. దీనిని వాడటానికి ఖాతా తెరవనవసరం లేదు. సమాచారమంతా సొంత యంత్రంలో, వేరే సాధనాలతో కూడా చదవదగిన ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంటుంది. కోరుకున్నవారు సర్వర్‌తో అనుసంధానించుకోవచ్చు. జతచేసిన ఫైళ్లకు 300 ఎంబీ వరకు స్థలం ఉచితం. జొటెరోకు కూడా సర్వర్ ఉన్నదన్న విషయాన్ని గమనించాలి. భేదమల్లా, ఆ సర్వర్ లేకపోయినా ప్రోగ్రామ్ తన ప్రధానమైన పనిని ఆపదు.

6. తెలుగు ప్రచురణరంగంలో పేజ్‌మేకర్ ఫైళ్లు:

ఈ స్థాయిల్లో కొన్ని ఒకదానిపై ఒకటి పేరుకున్న ఉదాహరణ తెలుగులోనే ఉంది. దశాబ్దాలపాటు తెలుగు పుస్తకాలు, పత్రికలు, సిద్ధాంతగ్రంథాలు అను వంటి యూనికోడేతర ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చబడ్డాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 7.0 వెలువడింది 2001లో. ఆ ఫైళ్లను మార్చుకోగల సామర్థ్యం ఇన్‌డిజైన్‌లో సిఎస్6 వరకు ఉంది. చందా పద్ధతిలో వచ్చిన తరువాతి వెర్షన్లు వాటిని నేరుగా తెరవవు. సిఎస్6 కూడా యాక్టివేషన్ కోరే ప్రోగ్రామే. అంటే ఒక రచయిత సమగ్రసాహిత్యం పేజ్‌మేకర్ ఫైళ్లుగా సీడీలో భద్రంగా ఉన్నా, ఇన్‌డిజైన్ ద్వారా దానిని చేరే మార్గంలో ఒక కంపెనీ సర్వర్ కావలి ఉన్నట్లే.

ఎలాగో ఫైలు తెరిచినా మరొక అడ్డంకి ఎదురవుతుంది. యూనికోడేతర ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకృతులు రోమన్ అక్షరాల, చిహ్నాల స్థానాల్లో అమరి ఉంటాయి. ఫాంటు తీసివేస్తే మిగిలేది అర్థంలేని అక్షరాల వరుస. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు స్థానం లభించింది. అందులో ‘క’ అన్న అక్షరానికి ఫాంటుతో, ప్రోగ్రామ్‌తో, కంపెనీతో నిమిత్తం లేని స్థిరమైన సంకేతం ఉంటుంది. కనుక యూనికోడ్‌లో ఉన్న సాదా పాఠ్యం ఏ యంత్రంలోనైనా తెలుగుగానే నిలుస్తుంది. పాత ఫైళ్లను తెరవగల యంత్రాలు ఇంకా మిగిలి ఉన్న ఈ కాలంలోనే ప్రచురణకర్తలు, విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలు వాటిని యూనికోడ్‌కు మార్చుకోవడం అత్యవసరం.

7. చట్టపరమైన స్థితి:

భారత కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52(1)(ఎఎ) ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను చట్టబద్ధంగా పొందినవారు అది ఏ ప్రయోజనానికి అందించబడిందో ఆ ప్రయోజనం కోసం, నష్టం నుంచి తాత్కాలిక రక్షణ కోసం ప్రతులు చేసుకోవచ్చు. అయితే సర్వర్ అంగీకరించనిదే నడవని ప్రోగ్రామ్‌కు ఎన్ని ప్రతులు తీసినా ఉపయోగం స్వల్పం. 2012 సవరణతో చేరిన సెక్షన్ 65ఎ, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని నేరంగా పేర్కొంది. చట్టం నిషేధించని ప్రయోజనాలకు కొంత మినహాయింపూ ఇచ్చింది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చేసిన చట్టం డిజిటల్ వస్తువులకు సంబంధించినది. లైసెన్సును మాత్రమే ఇస్తూ ‘కొనుగోలు’ అన్న మాటను వాడే విక్రేతలు ఆ సంగతిని స్పష్టంగా తెలపాలని అది కోరింది. శాశ్వతంగా ఆఫ్‌లైన్‌లో వాడుకునేలా దించుకోదగిన వస్తువులకు ఆ నిబంధన వర్తించదు. ఆఫ్‌లైన్ వినియోగం యాజమాన్యానికి ఒక గీటురాయి అన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది.

8. సర్వర్ల వల్ల ప్రయోజనం:

సర్వర్‌తో సంబంధం సర్వదా హానికరమని చెప్పలేం. హార్డ్‌డిస్కు చెడిపోయి సిద్ధాంతగ్రంథాన్ని కోల్పోయే ప్రమాదాన్ని సర్వర్‌లోని ప్రతి తప్పిస్తుంది. పర్యవేక్షకులు, పరిశోధకులు వేర్వేరు ఊళ్లలో ఉండి ఒకే అధ్యాయాన్ని సవరించుకునే వీలు కల్పిస్తుంది. భద్రతాపరమైన సవరణలు వెంటనే అందుతాయి.

ఈ ప్రయోజనాలను వదులుకోకుండానే స్వాధీనతను నిలుపుకోవచ్చని ఇంక్ అండ్ స్విచ్ పరిశోధన బృందం 2019లో ప్రతిపాదించింది. మార్టిన్ క్లెప్‌మన్ తదితరులు రచించిన ఆ వ్యాసం ‘లోకల్-ఫస్ట్’ అన్న భావనను వివరించింది. మూలప్రతి వాడుకరి యంత్రంలో ఉండాలి. సర్వర్ సహాయకంగా మాత్రమే ఉండాలి. నెట్‌వర్క్ ఐచ్ఛికం కావాలి. కంపెనీ మూతపడినా పత్రం తెరుచుకోవాలి అన్నవి అందులోని ముఖ్యాంశాలు. కనుక సర్వర్ ఉందా లేదా అన్నదానికన్నా, సర్వర్ తప్పుకుంటే పని మిగులుతుందా అన్నదే సరైన ప్రశ్న.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ కావడం వేరు, స్వాధీనంలో ఉండటం వేరు. చందా పద్ధతిలో ఆఫ్‌లైన్ వినియోగం గడువుతో కూడిన అనుమతి.

• అనుమతి, సమాచారం, గణన, ఫార్మాట్ అనే నాలుగు స్థాయిలను విడివిడిగా పరిశీలిస్తేనే ఒక ప్రోగ్రామ్ ఎంతవరకు పరాధీనమో తెలుస్తుంది.

• పరిశోధన ప్రారంభంలోనే ఒక పరీక్ష చేసుకోవడం మేలు. ఇంటర్నెట్ ఆపి ప్రోగ్రామ్ తెరవాలి. పాత పత్రాన్ని సవరించి భద్రపరచాలి. దానిని ఎగుమతి చేసి మరొక ప్రోగ్రామ్‌లో చదవగలగాలి. ఈ పరీక్ష గడువుతో కూడిన అనుమతిని పసిగట్టలేదు కనుక లైసెన్సు షరతులను కూడా చదవాలి.

• సిద్ధాంతగ్రంథ పాఠ్యాన్ని యూనికోడ్‌లోనూ, ఉపప్రమాణాలను బిబ్‌టెక్స్ లేదా ఆర్‌ఐఎస్ వంటి బహిరంగ ఫార్మాట్లలోనూ, తుదిప్రతిని పీడీఎఫ్‌లోనూ ఎప్పటికప్పుడు వేరుగా భద్రపరచుకోవాలి. వీటిలో ఒక ప్రతి ఖాతాతో, పాస్‌వర్డుతో నిమిత్తం లేని డిస్కులో ఉండాలి.

• సిద్ధాంతగ్రంథాలను స్వీకరించే విశ్వవిద్యాలయాలు పీడీఎఫ్‌తోపాటు యూనికోడ్ పాఠ్యాన్ని కూడా కోరితే, తరువాతి పరిశోధకులు వాటిని మళ్లీ టైపు చేసుకోవలసిన అవసరం తప్పుతుంది.

తాళపత్రాన్ని చదవడానికి లిపి తెలిస్తే చాలు. నేటి పరిశోధకుల రచనలు కూడా ముందుతరాలకు అంత సులభంగా అందాలంటే, అవి ఏ సర్వర్ అంగీకారం కోసమూ ఎదురుచూడని రూపంలో ఉండాలి.